వానాకాలంలో తాటిపూడి, కటికి: శ్రీకాకుళం నుంచి ఇంటిల్లిపాదీ ఒక్కరోజులో వెళ్ళి రావచ్చా?

వంశధార_ఒడ్డు

అందరికీ నమస్కారం. ఆగస్టు రెండో శనివారం శ్రీకాకుళంలో బయల్దేరి తాటిపూడి జలాశయం, బొర్రా దగ్గర కటికి జలపాతం చూసుకుని అదే రాత్రికి ఇల్లు చేరాలని ఆలోచన. ఏడు సీట్ల పెట్రోలు బండి, చేత్తో మార్చే గేర్లే. ఏడుగురం: అమ్మానాన్న (అమ్మకి మోకాళ్ళ నొప్పులు), మేమిద్దరం, పిల్లలు ముగ్గురు. చిన్నదానికి నాలుగేళ్ళు.

అనుకున్న వరస ఏటంటే, పొద్దున్న ఏడింటికి బయల్దేరి ముందు తాటిపూడి, అక్కడ పడవ షికారు, భోజనం. తర్వాత ఘాటీ ఎక్కి కటికి. చీకటి పడే వేళకి కిందకి దిగిపోవడం. కుదురుతాదంటారా? బండికి ఏమేం చూపించుకోవాలి? ఎవరైనా వివరంగా చెబితే మేలు.

ఘాటీ_గేరు

వరస తిరగేయండి. ముందు కొండ, తర్వాత చెరువు. తాటిపూడి దారిలోనే తగులుతుంది కాబట్టి ముందు అదే చూద్దామనిపించడం సహజమే గానీ, వానాకాలంలో అది పనికిరాదు.

ఎందుకంటే అల్పపీడనం లేని మామూలు రోజుల్లో కొండ మీద మబ్బు మధ్యాహ్నం తర్వాతే కమ్ముతుంది. పొద్దున్న తెరిపి ఉంటుంది, మూడు దాటాక ఉరుములు మొదలవుతాయి. మీ లెక్క ప్రకారం సరిగ్గా ఆ వేళకే మీరు పిల్లలతో జలపాతం రాళ్ళ మీద ఉంటారు. ఆ తర్వాత వానలో, మంచులో, చీకట్లో అనంతగిరి మలుపులు దిగాలి. చెరువుకి ఆ గొడవ లేదు. సాయంత్రం వాన పట్టుకున్నా తాటిపూడి నుంచి మైదానం రోడ్డే, గంట ఆలస్యమైనా ఇల్లు చేరతారు.

నా లెక్క ఇలా ఉంటుంది. తెల్లవారుజామున 4.30కి బయల్దేరండి. ఎన్‌హెచ్-16 మీద రణస్థలం, పైడిభీమవరం మీదుగా వచ్చి నాతవలస దగ్గర విజయనగరం రోడ్డు పట్టుకోండి. శ్రీకాకుళం నుంచి విజయనగరం 70 కిలోమీటర్ల పైచిలుకు, ఆరుకల్లా వచ్చేస్తారు. టిఫిను అక్కడే కానివ్వండి. ఎస్.కోట (శృంగవరపుకోట) ఏడున్నరకి. బొడ్డవర దాటి కాశీపట్నం, టైడా మీదుగా అనంతగిరి చేరేసరికి తొమ్మిది. బొర్రా దగ్గర జీపు మాట్లాడుకుని పదికల్లా కటికి. పన్నెండుకి అక్కణ్ణుంచి కదలాలి, రెండున్నరకి ఎస్.కోటలో భోజనం, మూడున్నరకి తాటిపూడి, అయిదింటికి ఇంటిదారి.

ఇంకో మాట. రెండో శనివారం ఆఫీసులకీ బ్యాంకులకీ సెలవు కాబట్టి విశాఖ బళ్ళన్నీ అరకు వైపే వస్తాయి. ఘాటీలో ఒక బస్సు ఇరుక్కుంటే మీ లెక్కలో ముప్పావు గంట హుళక్కి. మంగళవారమో బుధవారమో సెలవు పెట్టుకోగలిగితే సగం చిక్కులు అక్కడే తీరిపోతాయి.

గోస్తనీ

పై మాటకి ఇంకొంచెం. కటికిలో దూకే నీరూ తాటిపూడిలో నిలిచే నీరూ ఒకే ఏటివి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా కిందికి దిగి, గంట్యాడ మండలంలో తాటిపూడి దగ్గర ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తని. అందుకని కింద చెరువు దగ్గర ఎండ కాస్తోందని పైన కూడా అలాగే ఉంటుందనుకోకండి. మీ నెత్తి మీద చినుకు లేకపోయినా ఎగువ కొండ మీద గంట సేపు వాన దంచితే చాలు, జలపాతం అడుగున నీళ్ళు గబగబా పెరిగిపోతాయి.

వాన హెచ్చరికలు చూసుకునేటప్పుడు చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 2022 ఏప్రిల్ 4 నుంచి అనంతగిరి అల్లూరి సీతారామరాజు జిల్లా, తాటిపూడి మాత్రం విజయనగరం జిల్లా. విజయనగరానికి హెచ్చరిక ఏమీ లేదని చూసి బయల్దేరితే సరిపోదు, రెండు జిల్లాలవీ చూడాలి. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం, 204.4 వరకు అతిభారీ, ఆపైన అత్యంత భారీ. కొండకి "భారీ" అని వస్తే కటికి మానేయండి. "అతిభారీ" అంటే ప్రయాణమే వద్దు. ముందురోజు రాత్రి ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి చూసుకుంటే చాలు. వారం ముందు చూసిన జోస్యాన్ని పట్టించుకోకండి.

రెంచి_పానా

బండి సంగతి నేను చెబుతాను.

టైర్లు. గీతల మధ్యలో చిన్న చిన్న రబ్బరు దిబ్బలు ఉంటాయి, చూడండి. టైరు అరిగి ఆ దిబ్బ మట్టానికి వచ్చిందంటే గీత 1.6 మిల్లీమీటర్లే మిగిలింది, ఇక దాన్ని మార్చాల్సిందే. వానలో ఘాటీకి కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలి. గీత లోతు తగ్గితే టైరు కింది నీళ్ళు బయటికి పోవు, బండి నీటిపొర మీద తేలుతుంది. అప్పుడు స్టీరింగు చేతిలో ఒక్కసారి తేలికైపోతుంది. ఆ క్షణాన బ్రేకు తొక్కకూడదు. యాక్సిలేటరు మీంచి కాలు తీసేసి స్టీరింగు నిటారుగా పట్టుకోవాలి, అంతే. స్టెప్నీలో గాలి కూడా చూడండి, అందరూ మరిచేది అదే.

బ్రేకులు. ప్యాడ్లు చూపించండి, బ్రేకు ఆయిలు మార్చి రెండేళ్ళు దాటితే మార్పించండి. ఆ ఆయిలు గాల్లో తేమని పీల్చుకుంటుంది. దిగుడులో బ్రేకు వేడెక్కితే ఆ నీరు ఆవిరై పెడలు మెత్తగా నేల దాకా వెళ్ళిపోతుంది.

వైపర్లు. అద్దం మీద చారలు మిగిలిస్తున్నాయంటే మార్చాలి. ఎండాకాలమంతా ఎండిపోయిన రబ్బరు ఘాటీలో ఏం తుడుస్తుంది?

లైట్లు, హారను, బ్యాటరీ టెర్మినళ్ళు ఒకసారి చూపించుకుంటే చాలు.

తుప్పర_వాన

వానల్లో టైర్లలో గాలి రెండు మూడు పాయింట్లు తగ్గిస్తే పట్టు పెరుగుతుందంటారు కదా?

రెంచి_పానా

అది ఇసకకీ బురదకీ పనికొచ్చే మాట. తడి తారు రోడ్డు మీద గాలి తగ్గితే టైరు మధ్యలో లోపలికి లొంగి నీటిని తొయ్యలేదు, ముందే తేలిపోతుంది. పైగా ఏడుగురి బరువు. డ్రైవరు తలుపు పక్కన అంటించిన చీటీ మీద నిండు బరువుకి ఎంత గాలి ఉండాలో రాసుంటుంది, అంత పెట్టించండి. బండి చల్లగా ఉన్నప్పుడే కొలిపించాలి.

ఘాటీ_గేరు

ఎక్కుడూ దిగుడూ గురించి కొంచెం విడమరిచి చెబుతాను. మైదానంలో నడిపే అలవాటున్న వాళ్ళు తడబడేది ఇక్కడే.

ఏడుగురితో పెట్రోలు బండి కాబట్టి రెండో గేరు, మూడో గేరు మధ్యే నడుస్తుంది. మలుపులో ఇంజిను గొణుగుతున్నా మూడులోనే లాగించేస్తే మలుపు మధ్యలో ఆగిపోతుంది. మలుపుకి ముందే రెండులోకి దించండి. ఎక్కుడులో ఆగాల్సి వస్తే క్లచ్చు సగం తొక్కి బండిని నిలబెట్టకూడదు, రెండు నిమిషాలకే కాలిన వాసన వస్తుంది. హ్యాండుబ్రేకు వేసి, మొదటి గేరులో ఇంజిను కాస్త పట్టిందనిపించాక వదలండి. తడి రోడ్డు మీద ముందు చక్రాలు గిరగిరా తిరిగిపోతుంటే యాక్సిలేటరు ఇంకా తొక్కడం కాదు, తగ్గించాలి.

దిగేటప్పుడు ఘాటీ డ్రైవర్లు చెప్పే మాట ఒకటే: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మలుపు ముందు మాత్రమే. పాదం బ్రేకు మీదే ఆనించి దిగితే టైడా వచ్చేలోపే చక్రాల దగ్గర చేదు వాసన కొడుతుంది. ఆ వాసన వస్తే వెడల్పున్న చోట ఆపి పావుగంట చల్లారనివ్వండి. నీళ్ళు మాత్రం పొయ్యకండి, కాలిన డిస్కు వంకర పోతుంది. న్యూట్రల్లో దిగడం గురించి చెప్పనక్కర్లేదనుకుంటా. పెట్రోలు ఆదా అని దిగేవాళ్ళు ఇంకా ఉన్నారు, ఏం చెప్తాం!

ఇరుకు చోట ఎదురుపడితే దిగే బండే ఆగి, ఎక్కే బండికి దారివ్వాలి. ఇది రోడ్డు చట్టంలో ఉన్న నియమమే, మర్యాద ఒక్కటే కాదు. మలుపు కనబడకపోతే హారను కొట్టి ఎడమ పక్కనే ఉండండి. కొండ వైపు గోడ వారగా మట్టి, చిన్న రాళ్ళు జారి ఉన్నాయంటే అక్కడ ఫొటోకి ఆగకండి. చిన్నవి రాలిన చోటే పెద్దవీ రాలుతాయి.

మంచు కమ్మితే లోబీమే. హైబీము వేస్తే తెల్లగోడ తప్ప ఏమీ కనబడదు. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వెలిగించుకుని పోవడం మన దగ్గర బాగా అలవాటు. దానివల్ల మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలీదు. అవి ఆగిన బండికే.

తుప్పర_వాన

అద్దం లోపల ఆవిరి పట్టేసినప్పుడు ఏసీ వెయ్యాలా, ఆపాలా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

రెంచి_పానా

ముందు వేలితో అద్దం లోపల గీసి చూడండి. గీత పడితే ఆవిరి లోపలిది. అప్పుడు ఏసీ వేసి, గాలి అద్దం మీదికి తిప్పి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టాలి. లోపలి గాలే తిరిగేలా పెడితే ఏడుగురి ఊపిరీ తడి బట్టల చెమ్మా ఎక్కడికీ పోవు. గీత పడకపోతే ఆవిరి అద్దం బయట ఉన్నట్టు. ఏసీ మరీ చల్లగా ఉండి అద్దం చల్లబడితే అలా జరుగుతుంది. వైపరు ఒకసారి వేసి, ఏసీ వేడి పెంచండి. రెండింటికీ మందు వేరు, అందుకే ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు.

మన్యం_దారి

అసలు శ్రీకాకుళం వాళ్ళు అంత దూరం ఎందుకండీ? ఆమదాలవలస, పాలకొండ మీదుగా సీతంపేట వెళ్ళండి. మెట్టుగూడ జలపాతం ఉంది, అనంతగిరి అంత ఎక్కుడు లేదు. చూసుకుని మళ్ళీ పాలకొండ వచ్చి వీరఘట్టం రోడ్డు పట్టుకుంటే నాగావళి మీద తోటపల్లి బ్యారేజీ. నిండు నీళ్ళు, పక్కనే వెంకటేశ్వరస్వామి గుడి. పెద్దవాళ్ళు హాయిగా కూర్చుంటారు. సీతంపేట అనాసపళ్ళు కూడా ఈ కాలంలోనే. దారిలో కుప్పలు పోసి అమ్ముతుంటారు. అడుగు పక్క తీపి వాసన వస్తూ, కన్నులు పసుపు తిరిగినవి ఏరుకోండి. పచ్చిగా కోసినవి ఇంట్లో మెత్తబడతాయే గానీ తియ్యబడవు.

నాగావళి_గట్టు

దగ్గర అన్నది నిజమే గానీ ఒక సంగతి చెప్పకుండా వదిలేశారు. సీతంపేట, వీరఘట్టం, గరుగుబిల్లి, జియ్యమ్మవలస పక్కన అడవి ఏనుగులు తిరుగుతున్నాయి. ఒడిశా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయినవి. పగలు తోటల్లో నిలబడి, పొద్దు వాలాక పొలాల మీదికి, రోడ్ల మీదికి వస్తాయి. ఆ దారిన వెళ్ళేవాళ్ళు సాయంత్రం అయిదు లోపే పాలకొండ చేరిపోవాలి. పొద్దున్న పాలకొండలో టీ తాగేచోట "ఈవేళ గుంపు ఎటుంది?" అని అడిగితే ఎవరైనా చెబుతారు.

రోడ్డు మీద కనబడితే కనీసం వంద మీటర్ల దూరంలోనే ఆగి, మెల్లగా వెనక్కి రావాలి. హారను కొట్టకూడదు, లైట్లు ఆర్పి వెలిగించకూడదు, సెల్ఫీ కోసం దిగనే కూడదు. గుంపులో పిల్ల ఏనుగు ఉంటే ఆ దూరం కూడా చాలదు.

ఆడలి వ్యూ పాయింటు కూడా కొందరు కలుపుతారు. ఇరుకు రోడ్డు, నిటారు మలుపులు. వాన ఉంటే ఏడుగురి బండితో ఎక్కకండి. మంచులో పైకి వెళ్ళినా కనబడేది ఏమీ లేదు.

కేకే_లైను

ఘాటీ నడపడానికి ధైర్యం చాలనివాళ్ళకి ఇంకో దారి ఉంది. విశాఖ నుంచి కిరండూల్ వెళ్ళే పాసింజరు పొద్దున్నే బయల్దేరి కొత్తవలస, ఎస్.కోట, బొడ్డవర, శివలింగపురం, టైడా, చిమిడిపల్లి మీదుగా బొర్రా గుహలు స్టేషనుకి వస్తుంది. బండి ఎస్.కోటలో వదిలి అక్కడే రైలెక్కితే, ఎక్కేటప్పుడైనా మలుపుల బాధ లేకుండా సొరంగాలు చూస్తూ పోవచ్చు. చిక్కల్లా తిరుగు రైలుతోనే, దానికోసం సాయంత్రం దాకా ఆగాలి. వానలకి కొండ జారి పట్టాల మీద పడితే ఆ రోజుకి రైలు రద్దే. కాబట్టి పొద్దున్న రైలు వేళ కనుక్కోకుండా ఎస్.కోట రాకండి. మీ లెక్కలో తాటిపూడి కూడా ఉంది కాబట్టి ఈసారికి ఇది కుదరదనే నా మాట.

గోస్తనీ

ఇప్పుడు నీళ్ళ దగ్గర ఏం చూసుకోవాలో చెబుతాను. బండి కన్నా ఇదే ముఖ్యం.

కటికిలో జీపు దిగాక కొంత నడక ఉంది, రాళ్ళూ బురదా. మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారికి అది వద్దు. ఆవిడతో ఇంకొకరు అనంతగిరిలో కాఫీ తోటల దగ్గరో, బొర్రా దగ్గర టీ దుకాణాల దగ్గరో ఆగడమే మంచిది. వెనకాల పట్టీ ఉన్న, అడుగున లోతు గీతలున్న చెప్పులు వేసుకోండి. హవాయి చెప్పులతో పాచి రాయి మీద అడుగేస్తే తొలి అడుగులోనే జారతారు. నల్లగా నిగనిగలాడే రాయి కన్నా గరుకుగా, పొడిగా కనబడే రాయి మీదే కాలు పెట్టాలి.

జలపాతం సరిగ్గా కింద దిగి తల తడుపుకుందామని అందరికీ ఉంటుంది. అక్కడ నీళ్ళ నిండా గాలి బుడగలే కాబట్టి ఈత వచ్చినవాణ్ణి కూడా ఆ నీరు తేల్చదు, కిందికి లాగుతుంది. పైనుంచి నీళ్ళతో పాటు రాళ్ళూ దూకుతాయి. పక్కన, మోకాలి లోతు దాటని పారుడు నీళ్ళలో ఆడుకోండి. నీళ్ళలో దిగిన ఒక్కొక్క పిల్లకీ ఒక్కొక్క పెద్దవాడు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో.

వరద రాబోతోందని గెడ్డే (కొండవాగే) చెబుతుంది. తెల్లటి నీరు ఎర్రబడటం, ఆకులూ పుల్లలూ ఒక్కసారి ఎక్కువగా కొట్టుకురావడం, హోరు మారడం. ఇందులో ఏ ఒక్కటి కనబడినా సామాను, చెప్పులు అన్నీ వదిలి గట్టు మీదికి వచ్చెయ్యాలి. ఇంకో ఉపాయం: వెళ్ళగానే నీటి అంచున ఒక రాయి గుర్తు పెట్టుకోండి, లేదా ఒక పుల్ల గుచ్చండి. పది నిమిషాలకోసారి దానివంక చూడండి. పుల్ల మొదలు మునిగిందంటే ఆట ఆగిపోయినట్టే. గెడ్డకి అవతల ఒడ్డున కూర్చుని అన్నాలు తినకండి, తిరిగి దాటడం మీ చేతుల్లో ఉండదు.

వంశధార_ఒడ్డు

చాలా విలువైన మాటలు చెప్పారు. తాటిపూడిలో పడవల మాట ఏమిటి? పిల్లలు దానికోసమే వస్తున్నారు.

గోస్తనీ

పడవ ఉంటుందని పిల్లలకి మాటివ్వకండి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగాక రాష్ట్రమంతా పడవలకి అనుమతులు బిగించారు. గాలి, వాన, నీటిమట్టం చూసి ఏ రోజుకారోజు నడిపేదీ ఆపేదీ తేలుతుంది. ఉంటే సంతోషం.

ఎక్కితే మాత్రం లైఫ్ జాకెట్టు పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా లేచిందంటే వదులు, నీళ్ళలో అది ఒక పక్కా మనిషి ఒక పక్కా అవుతారు. నాలుగేళ్ళ పాపకి కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్న చిన్న జాకెట్టే కావాలి. అది లేకపోతే పాపని ఎక్కించకండి. ఫొటోకి అందరూ ఒకే అంచుకి చేరకూడదు. ఉరుము వినబడితే వెంటనే ఒడ్డుకి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా నీళ్ళ జోలికి వెళ్ళకండి. చెట్టు కిందా వద్దు, అద్దాలు ఎత్తిన కారే మేలు.

పడవ లేకపోయినా చూడ్డానికి ఉంది. 1960ల్లో గోస్తనికి అడ్డంగా కట్టిన మట్టికట్ట అది, నిండు మట్టం 297 అడుగులు. నీళ్ళు దాని దగ్గరికి వచ్చిన రోజున కొండల నీడ కట్టదాకా పడుతుంది. కట్ట లోపలి వాలు మీద పరిచిన రాళ్ళు నీటి అంచున పాచి పట్టి ఉంటాయి, అక్కడికి దిగకండి. ఒడ్డున మోకాలి లోతే కదా అనుకున్నచోట పాత ఏటి గుంట ఉంటే రెండో అడుగుకే నీళ్ళు తల మీదికి వస్తాయి. గేట్లకి దిగువన ఏటిలో ఆడుకోవడం అంతకన్నా ప్రమాదం. సైరను మోగితే పరుగెత్తాల్సిందే. విశాఖ వాళ్ళు తాగే నీళ్ళు కూడా ఇవే కాబట్టి విస్తళ్ళూ ప్లాస్టిక్ గ్లాసులూ బండిలోకే.

మాత్రల_డబ్బా

వాంతుల గురించి ఎవరూ ఎత్తలేదు. ముగ్గురు పిల్లలతో అనంతగిరి మలుపులంటే ఇదే పెద్ద సమస్య. విజయనగరంలో పూరీ, మసాలా దోశ వద్దు. ఒకటో రెండో ఇడ్లీలు, అంతే. ఎస్.కోట దాటాక ఫోన్లు లాగేసుకోండి, తల దించి తెర చూస్తేనే ఎక్కువ తిప్పుతుంది. మరీ తిప్పేవాళ్ళు రెండో వరసలో, ఎదుటి రోడ్డు కనబడేలా కూర్చోవాలి. చివరి వరస వాళ్ళకి కాదు. మాత్ర వేస్తే కొండ దగ్గర కాదు, ఘాటీకి గంటన్నర ముందే. అయిదేళ్ళ లోపు పాపకి డాక్టరుని అడగకుండా వేయకండి. నాన్నగారికి గ్లకోమాగానీ మూత్రం ఇబ్బందిగానీ ఉంటే ఆయనకీ అడిగే వెయ్యాలి. డ్రైవరు అసలు వేసుకోకూడదు, నిద్ర ముంచుకొస్తుంది.

మన్యంలో ఈ కాలం మలేరియాది. పొడుగు చేతుల చొక్కాలు, దోమల లేపనం తప్పనిసరి. తిరిగొచ్చాక నెల లోపు ఎవరికి జ్వరం వచ్చినా "ఏజెన్సీకి వెళ్ళొచ్చాం" అని డాక్టరుకి చెప్పండి. ఆ ఒక్క మాటతో రక్తపరీక్ష తొందరగా రాస్తారు. బీపీ, షుగరు మందులు చేతిసంచిలో ఉంచండి, డిక్కీలో కాదు. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు, తువ్వాళ్ళు, ఒక్కొక్కరికి ఒక జత పొడిబట్టలు మూట కట్టుకోండి.

తుప్పర_వాన

రోడ్డు మీద గెడ్డ పొంగి పారుతుంటే బస్సు వెళ్ళింది కదా అని వెనకే వెళ్ళొచ్చా?

రెంచి_పానా

బస్సు బరువు వేరు, దాని ఎత్తు వేరు. పారే నీళ్ళు అడుగు లోతుంటే చాలు, చిన్న కారు పక్కకి జరగడం మొదలవుతుంది. రెండడుగులుంటే పెద్ద బండినీ తోసుకుపోతుంది. రోడ్డు అంచు రాళ్ళు కనబడకపోయినా, కింద కల్వర్టు కోసుకుపోయిందో లేదో తెలియకపోయినా ఆగిపోండి. కొండ గెడ్డ ఎంత తొందరగా పొంగుతుందో అంత తొందరగానే తగ్గుతుంది, గంటో రెండు గంటలో కూర్చుంటే దారి తేలుతుంది.

నిలిచిన నీళ్ళయితే సగం చక్రం దాకా ఫర్వాలేదు. మొదటి గేరులో, ఒకే వేగంతో, మధ్యలో గేరు మార్చకుండా దాటండి. దాటాక రెండు మూడుసార్లు బ్రేకు మెల్లగా తొక్కి ఆరబెట్టుకోండి. నీళ్ళలో ఇంజిను ఆగిపోతే మాత్రం మళ్ళీ తాళం తిప్పకండి. గాలి గొట్టం గుండా సిలిండర్లోకి నీళ్ళు వెళ్ళి ఉంటే, ఆ తిప్పుడుకి లోపలి రాడ్డు వంగుతుంది. మామూలు బీమా పాలసీలో ఇంజినుకి విడిగా రక్షణ తీసుకోకపోతే ఆ ఖర్చు మీదే. తోసి బయటికి తెచ్చి మెకానిక్కుని పిలవండి.

వంశధార_ఒడ్డు

అందరి మాటా విన్నాక ఇలా మార్చాను. శనివారం మానేసి మంగళవారం. 4.30కి బయల్దేరడం. ముందు కటికి, తర్వాత తాటిపూడి. అమ్మ, నాన్న అనంతగిరిలో ఆగుతారు. కటికి నుంచి వచ్చాక బొర్రా గుహలు కూడా చూసేసి ఒంటిగంటన్నరకి దిగడం మొదలుపెడతాం. సరేనా?

ఘాటీ_గేరు

గుహలు తీసెయ్యండి. లోపల దిగి ఎక్కడానికే గంటన్నర, వానల్లో మెట్లు చెమ్మగా ఉంటాయి, పిల్లలు అప్పటికే అలిసి ఉంటారు. గుహలకి వేరే రోజు, వానలు తగ్గాక వెళ్ళండి. పన్నెండుకి కటికి నుంచి కదలాలి అన్నది మారనివ్వకండి.

ఇంకొకటి, అమ్మానాన్న ఇద్దర్నీ ఫోను సిగ్నలు ఆశతో విడిగా వదిలేయకండి. కొండ మీద సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది. "ఒంటిగంటకి ఇదే దుకాణం దగ్గర" అని నోటితో చెప్పుకుని వెళ్ళండి. మ్యాపు ఫోన్లో ముందే దించుకోండి. జీపుకీ బొంగు చికెనుకీ నోట్లు ఉంచుకోండి, సిగ్నలు లేకపోతే ఫోన్‌పే పనిచెయ్యదు. జీపు మాట్లాడేటప్పుడు రానూ పోనూ కలిపి, ఎంతసేపు ఆగుతాడో కూడా ముందే తేల్చుకోండి.

నాగావళి_గట్టు

వెనక్కి తిరగాలా వద్దా అన్నది కొండ మీద ఆలోచించడం మొదలుపెడితే తేలదు, పిల్లలు ఏడుస్తారు, పెద్దాయన "ఇంతదూరం వచ్చాం కదా" అంటారు. బొడ్డవర దగ్గర తేల్చుకోండి. అక్కడ ఆగి కొండ వంక చూడండి. శిఖరాలు కనబడకుండా నల్లమబ్బు కూర్చుని, వాన వైపరు వేగం పెంచాల్సినంతగా ఉంటే ఎక్కకండి. ఎదురుగా దిగే బస్సు డ్రైవరుని ఒక్క మాట అడగండి, పైన రోడ్డు సంగతి ఆయనకి తెలిసినట్టు ఏ ఫోనుకీ తెలీదు.

అప్పుడు ఎస్.కోట పక్కనే పుణ్యగిరి ఉంది. ఉమాకోటిలింగేశ్వరస్వామి గుడి, కొండలోంచి పడే ధార. ఘాటీ అక్కర్లేదు. మెట్లు మాత్రం తడిగా ఉంటాయి, అమ్మగారు కింద ఆగితే మంచిది. అటునుంచి తాటిపూడి. సాయంత్రానికల్లా ఇంట్లో ఉంటారు.

వంశధార_ఒడ్డు

గుహలు తీసేశాను. బొడ్డవర మాట బాగుంది, ఇంట్లో అందరికీ ముందే చెప్పేస్తాను. పెట్రోలు ఎక్కడ పోయించుకోవాలి?

రెంచి_పానా

ఎస్.కోటలో టాంకు నిండా. ఏడుగురితో ఎక్కుడులో మైలేజీ బాగా పడిపోతుంది, మైదానం లెక్కతో పోకండి. పోయించుకునేటప్పుడే నాలుగు టైర్లూ ఒకసారి వంగి చూసుకోండి, మేకు దిగి ఉంటే అక్కడే తీయించుకోవచ్చు. పైన పంక్చరు షాపు కోసం వెతకడం కష్టం.